మందుగా గంజాయి: మా మాధవికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి,

ఆశీస్సులు. రాత్రి నువ్వు పంపిన మెసేజ్ చూశాను. "పిన్నీ, అత్తయ్యకు గంజాయి రాసిచ్చే డాక్టరు ఎవరైనా తెలుసా? ఎవరితోనూ అనకు" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. ఫోను చేస్తే వంటింట్లో నుంచి గుసగుసగా మాట్లాడతావు, నాకు సగం వినిపించదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా అల్లుడి చేత కూడా చదివించు.

ఆ రెండు ముక్కల్లో నన్ను భయపెట్టింది రెండోది. ఎవరితోనూ అనకూడదని మేమూ అనుకున్నాం. 2013లో మీ బాబాయికి పెద్దపేగు కాన్సర్‌కు కీమో నడుస్తోంది. నీళ్ళు తాగినా వాంతే. ఎవరో చెబితే ఒక షాపింగ్ ప్లాజాలో గోళ్ళకు రంగులు వేసే దుకాణం పక్కనున్న క్లినిక్‌కు వెళ్ళాం. ఒక ఫారం ఇచ్చారు. గళ్ళలో టిక్కులు పెట్టాం. డాక్టరు మీ బాబాయి ముఖం చూశాడు కానీ మేము పట్టుకెళ్ళిన ఫైలు తెరవలేదు. నిద్ర పడుతోందా అని అడిగాడు, పడటం లేదన్నారు. నాలుగు నిమిషాల్లో బంగారు రంగు ముద్ర వేసిన కాగితం చేతికి వచ్చింది. 120 డాలర్లు, అదీ నగదే.

మందు పనిచేయలేదని చెప్పను. నెల రోజుల తరవాత ఆయన మొదటిసారి చారన్నం కలుపుకుని తిన్నారు. నేను పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఏడ్చాను. కానీ పదిహేను రోజులు తిరక్కుండా పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. ఆయన గుండె లయ తప్పుతుందని, రక్తం గడ్డకట్టకుండా ఏళ్ళ తరబడి వార్ఫరిన్ వాడుతున్నారు. గంజాయిలోని పదార్థాలు కాలేయంలో ఆ మందు విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడతాయి, రక్తం మరీ పలచబడిపోతుంది. కాన్సర్ ఆసుపత్రిలో నర్సు "కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అని అడిగితే మేమిద్దరం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. డాక్టరుగారు కోప్పడలేదు. "ముందే చెప్పి ఉంటే వార్ఫరిన్ మోతాదు తగ్గించేవాడిని కదా" అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

కాబట్టి రాసిచ్చే డాక్టరును వెతకడం తరవాత. మొదట వదినగారికి, అంటే మీ అత్తయ్యకు, కీమో ఇస్తున్న డాక్టరుకే విషయం చెప్పాలి. అక్కడ మొహమాటం వద్దు. కాలిఫోర్నియాలో డాక్టరు ఈ మాట మాట్లాడటానికి కోర్టుకు వెళ్ళి మరీ హక్కు తెచ్చుకున్నారు. 1996 నవంబరులో ఇక్కడి ఓటర్లు గంజాయిని మందుగా వాడుకోనిచ్చే ప్రొపొజిషన్ 215 అనే చట్టాన్ని గెలిపించారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగులు తిండి సయించక చిక్కిపోతున్న కాలం అది. మేరీ రాథ్‌బన్ అనే పెద్దావిడ గంజాయి కలిపిన బ్రౌనీలు కాల్చి, జనరల్ హాస్పిటల్ ఎయిడ్స్ వార్డులో పంచిపెట్టేది. పోలీసులు పట్టుకెళ్ళేవారు, విడిచిపెట్టగానే మళ్ళీ కాల్చేది. ఓటర్లు ఒప్పుకున్నా కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. గంజాయి సిఫారసు చేసే డాక్టర్ల లైసెన్సుల మీదికి వస్తామని బెదిరించింది. మార్కస్ కోనాంట్ అనే ఎయిడ్స్ వైద్యుడు, మరికొందరు కలిసి దావా వేశారు. డాక్టరు రోగికి చెప్పే సలహా వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందని 2002లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టనంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ వాడే మాట ముఖ్యం. డాక్టరు చేయగలిగింది సిఫారసు. మందుల చీటీ రాసి మామూలు ఫార్మసీకి పంపడం కుదరదు, ఎందుకంటే ఆకు గంజాయికి మందుగా కేంద్రం ఆమోదం లేదు, కేంద్ర చట్టం దృష్టిలో అది ఈనాటికీ నియంత్రిత పదార్థమే. నువ్వు వెళ్ళి "ప్రిస్క్రిప్షన్ రాయండి" అంటే ఆయన కాదంటారు, నువ్వు కథ అక్కడితో ముగిసిందనుకుని వచ్చేస్తావు. "రికమెండేషన్ గురించి మాట్లాడాలి" అను.

వదినగారి సంగతి నాకు తెలుసు. రాత్రంతా బకెట్ పట్టుకుని కూర్చున్న మనిషి, డాక్టరు ఎదుట కొంగు సవరించుకుని "బాగానే ఉన్నాను బాబూ" అంటారు. అందుకని ఈరోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ రోజు ఎన్నిసార్లు వాంతి అయింది, ఏం తిన్నారు, ఎంత నిలిచింది, బరువు ఎంత, ఇచ్చిన వికారం మాత్ర వేసుకున్నారా, వేసుకుంటే ఏమైంది. కీమో రోజు నుంచి లెక్క వేసి రాయి. ఆవిడ వాడే మందులన్నీ ఒక కాగితం మీద ఎక్కించు. బీపీ మాత్ర, నిద్ర మాత్ర, ఊరి నుంచి తెప్పించుకున్న లేహ్యం, అన్నీ. ఆసుపత్రిని తెలుగు దుబాసీ కావాలని ముందుగా అడుగు, ఫోనులోనైనా కలుపుతారు. కోడలు మధ్యవర్తిగా ఉంటే అత్తగారు మలబద్ధకం సంగతి కూడా చెప్పరు.

ఇంకొకటి, గంజాయి అనగానే ఆవిడ బెదిరిపోతారు. మన వైపు గంజాయి అంటే మన్యంలో పోలీసులు పట్టుకున్న మూటలు, మర్రిచెట్టు కింద చిలుము పీల్చే బైరాగులు. "ఈ వయసులో నాకు గంజాయి పెడతారా" అనడం ఖాయం. ఆయుర్వేదంలో దీన్ని విజయ అంటారని చెప్పు, కాస్త మెత్తబడతారు. ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చేయకు. టీలో కలిపేద్దాం, పచ్చడిలో కలిపేద్దాం అనే ఆలోచన కలలో కూడా రానివ్వకు. తెలియకుండా మత్తెక్కిన ముసలి ప్రాణం పిచ్చెక్కిందేమో అని హడలిపోతుంది.

డాక్టరును గంజాయి గురించి అడిగే ముందు మరో రెండు ప్రశ్నలు అడగాలి. వాంతులకు ఇంకా వాడని మందులు ఏమున్నాయి అన్నది మొదటిది. ఓలాంజపిన్ అని ఒకటి ఉంది, అసలు మానసిక వ్యాధుల మందు, తక్కువ మోతాదులో కీమో వికారానికి బాగా పనిచేస్తుంది. అప్రెపిటాంట్ అని మరొకటి. మామూలుగా ఇచ్చే వికారం మాత్ర ఒండాన్‌సెట్రాన్ ఒక్కటే ఇచ్చి ఊరుకుని ఉంటే ఈ ప్రశ్నతోనే సగం పని అయిపోవచ్చు. రెండో ప్రశ్న, డ్రోనాబినాల్ పనికొస్తుందా అని. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీనే ప్రయోగశాలలో తయారు చేసి మాత్రగా పోసింది ఇది. మిగతా వికారం మందులు పనిచేయని కీమో రోగుల కోసం 1985లోనే ఎఫ్‌డీఏ, అంటే మందులను ఆమోదించే కేంద్ర సంస్థ, ఆమోదించింది. దీనికి అసలైన మందుల చీటీ రాస్తారు, మామూలు ఫార్మసీలో దొరుకుతుంది. గంజాయి అమ్మే డిస్పెన్సరీ గడప తొక్కే పనే ఉండదు. నీకు ఇది ఎంత అవసరమో కింద చెబుతాను.

ఈ రెండూ కాదని తేలితే అప్పుడు రికమెండేషన్. కాన్సర్ డాక్టరే రాస్తే అంతకన్నా కావలసింది లేదు. చాలామంది నోటితో సరేనంటారు, కాగితం మాత్రం రాయరు. కొన్ని ఆసుపత్రుల పద్ధతి అంతే. అలాంటప్పుడు "మీకు అభ్యంతరం లేదని ఫైలులో రాసి పెట్టండి" అని అడిగి, బయటి డాక్టరును చూసుకో. ఇప్పుడు వీడియోలో చూసేవాళ్ళు కూడా ఉన్నారు. మెడికల్ బోర్డు వెబ్‌సైటులో పేరు కొట్టి లైసెన్సు సరిగా ఉందో లేదో చూడు. మందుల జాబితా అడగనివాడిని, పలానా దుకాణంలోనే కొనమని కూపన్ ఇచ్చేవాడిని వదిలేయ్. సరిగా పరీక్షించకుండా సిఫారసు రాయడం ఇక్కడి చట్టం ప్రకారం తప్పు. ఈ డాక్టరు ఫీజు పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ ఇవ్వదు, గంజాయి ఖర్చు అసలే ఇవ్వదు. చేతి డబ్బే.

అసలు కాగితం ఎందుకు, 2018 నుంచి ఇరవై ఒక్కేళ్ళు నిండిన ఎవరైనా కొనుక్కోవచ్చు కదా అని మా అల్లుడు అంటాడు. నిజమే. కానీ కాగితంతో పాటు కౌంటీ ఆరోగ్య శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు కూడా ఉంటే అమ్మకం పన్ను ఉండదు. మీ అలమేడా కౌంటీలో అది పది శాతం పైమాటే. కార్డు మీద ఫొటో, ఒక నంబరు ఉంటాయి, పేరు ఉండదు. ఫీజు వంద డాలర్లకు మించకూడదు, తక్కువ ఆదాయం వాళ్ళకు రాష్ట్రం ఇచ్చే బీమా మెడికాల్ ఉన్నవాళ్ళకు అందులో సగం. ఏడాదికోసారి కొత్తది తీసుకోవాలి. ఆరు నెలల వైద్యానికి పన్ను ఆదా ఫీజుకే సరిపోతుందేమో లెక్క చూసుకో. నా దృష్టిలో ఆ కాగితానికి విలువంతా దాని వెనక జరిగే సంభాషణలో ఉంది. మా కాగితం వెనక ఏ సంభాషణా లేదు, అందుకే బాబాయి చిగుళ్ళు రక్తం కారాయి.

ఇప్పుడు నీ సంగతి. దీన్ని రెండుసార్లు చదువు. వదినగారు అమెరికా పౌరురాలు. మీ బావగారూ పౌరుడే. నువ్వూ మీ ఆయనా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తోంది. కాలిఫోర్నియాలో ఏది చెల్లినా ఇమ్మిగ్రేషన్ చూసేది కేంద్ర చట్టాన్నే. పౌరులు కానివాళ్ళకు శిక్షే పడనక్కరలేదు, గంజాయి దగ్గర ఉంచుకున్నామని అధికారి ముందు ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవడానికి, గ్రీన్ కార్డు ఆపడానికి అది చాలవచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వ్యవహారం పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డం రావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే కేంద్ర సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసి పెట్టింది. ఫారాల్లో నియంత్రిత పదార్థాల గురించి ప్రశ్న ఉంటుంది, అక్కడ అబద్ధం రాయడం ఇంకా పెద్ద ముప్పు.

అత్తగారి వాంతి ఎత్తేది నువ్వు, రాత్రిళ్ళు లేచేది నువ్వు. అయినా ఆ డబ్బా కొనేది, మోసేది, సంరక్షకుడిగా సంతకం పెట్టేది నువ్వు కాకూడదు. అన్యాయంగానే ఉంటుంది. శాక్రమెంటో నుంచి మీ బావగారిని రమ్మను. ఇన్నాళ్ళూ వారాంతాల్లో పళ్ళు పట్టుకొచ్చి వెళ్ళారు, ఇప్పుడు అసలు పని ఉంది. డిస్పెన్సరీకి ఆయన వెళ్ళాలి, సొమ్ము ఆయన ఇవ్వాలి, తాళం వేసిన పెట్టె ఆయన కొనాలి. తాళంచెవి వదినగారి దగ్గర. నీ కార్డుతో చెల్లించకు, నీ ఫోనులో ఫొటోలు పెట్టుకోకు, వాట్సాప్ గ్రూపులో జోకులు వద్దు. మీ ఇంట్లో పెట్టుకోవడం కూడా మీకు చిక్కేమో ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక గంట అడుగు. చిక్కే అంటే, కీమో అయ్యేదాకా వదినగారు శాక్రమెంటోలో ఉండటం ఒక దారి. డ్రోనాబినాల్ పనిచేస్తే ఈ పేరా మొత్తం మరిచిపోవచ్చు. అందుకే దాన్ని ముందు అడగమన్నాను.

వాడకం గురించి డాక్టరే చెబుతారు కానీ రెండు మూడు మాటలు. పొగ వద్దే వద్దు. కీమోతో రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు ఆకులోని బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. నాలుక కింద చుక్కలో, గమ్మీనో మేలు. ఇక్కడ ఒక గమ్మీలో పది మిల్లీగ్రాముల దాకా టీహెచ్‌సీ ఉంటుంది, వదినగారికి పావు ముక్కతో మొదలు. తిన్నది పట్టడానికి రెండు గంటలు కూడా పట్టవచ్చు. "ఏమీ కాలేదే" అని అరగంటకే ఇంకో ముక్క వేసుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఆ రాత్రి ఆవిడ ఒంటరిగా బాత్రూముకు లేవకూడదు, తల తిరిగి పడితే తుంటి విరుగుతుంది. మీ బుజ్జిగాడికి అవి మామూలు చాక్లెట్లలాగే కనిపిస్తాయి, పెట్టె అందుకే. పొరపాటున తింటే పాయిజన్ కంట్రోల్‌కు ఫోను చేయి, 1-800-222-1222. మగతగా ఉంటే, ఊపిరి తేడాగా ఉంటే నేరుగా 911.

ఇది కాన్సర్‌ను తగ్గిస్తుందని ఎవరైనా వీడియో పంపితే తీసేయ్. వికారానికి వాడుతున్నాం, అంతే. కీమో అయ్యాక వదినగారు రాజమండ్రి వెళ్తానంటున్నారు కదా, మిగిలినది ఒక్క ముక్క కూడా సామానులో వెళ్ళకూడదు. డాక్టరు కాగితం విమానం ఎక్కాక చిత్తు కాగితమే. ఇండియాలో మత్తుపదార్థాలను నిషేధించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, దారిలో దుబాయ్‌లో దిగితే అక్కడి చట్టం మరీ కఠినం.

గురువారం అపాయింట్‌మెంటు పదింటికి అన్నావు. తొమ్మిదింబావుకు నేనే కారు తీసుకుని వస్తాను. లోపలికి వదినగారి పక్కన నేను కూర్చుంటాను, నోటు పుస్తకం నా చేతికి ఇవ్వు. బావగారికి ఈ సాయంత్రమే ఫోను చేయి. నీకు మొహమాటమైతే చెప్పు, నేను చేస్తాను. ఆవిడకు నిమ్మకాయ వాసన పడుతోందా? పడితే పులిహోర కాస్త చప్పగా కలిపి తెస్తాను.

ఇట్లు,
మీ పిన్ని