స్టీమ్‌లో చెత్త గేమ్ కొంటే తప్పెవరిది?

చూసుకోకుండా కొన్నవాళ్లదా, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌దా అంటే, నా లెక్కలో ముందు స్టోర్‌దే. 2017లో, ఏ గేమ్‌లు స్టోర్‌లోకి రావాలో ఆటగాళ్లు ఓటేసే గ్రీన్‌లైట్ పద్ధతి తీసేసి స్టీమ్ డైరెక్ట్ అనే పద్ధతి తెచ్చాక, గేమ్‌కు 100 డాలర్లు కడితే దాదాపు ఎవరైనా అమ్మకానికి పెట్టొచ్చు. అమ్మకాలు 1000 డాలర్లు దాటితే ఆ ఫీజూ వెనక్కి వస్తుంది. విడుదలకు ముందు స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ చూసేది గేమ్ ఓపెన్ అవుతోందా, పేజీలో చెప్పిన ఫీచర్లు ఉన్నాయా, హాని చేసేదేమైనా దాగుందా అన్నంతవరకే. ఆడటానికి బాగుందా అన్నది వాళ్లు పట్టించుకోరు. అమ్మకాల్లో వాళ్ల వాటా మాత్రం మామూలుగా 30 శాతం!

అలాగని మన బాధ్యత లేదని కాదు. 2015 నుంచి రీఫండ్ ఉంది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే కారణమేదైనా డబ్బు తిరిగిస్తారు. గేమ్ ఓపెన్ చేసి వదిలేసి భోజనానికి వెళ్లినా ఆ టైమ్ లెక్కలోకి వస్తుంది, జాగ్రత్త. అందుకే కొనగానే మీ సిస్టమ్‌లో సరిగా నడుస్తోందో లేదో చూసేయండి. రివ్యూల్లో మొత్తం శాతం కన్నా ఇటీవలివి చదవండి. రాసినవాళ్లు ఎన్ని గంటలు ఆడారో పక్కనే ఉంటుంది. ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మే గేమ్) అయితే రేపు వస్తుందన్న అప్‌డేట్‌కి కాదు, ఇవాళ ఉన్నదానికే డబ్బు పెట్టండి.