ఏడాదిన్నర కారుకు ఏడేళ్ల అప్పా?

ప్రశ్న: నా వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు. ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. ఏడాదిన్నర మాత్రమే వాడిన కారును ఒక డీలర్ దగ్గర చూశాం. కొత్తదానికంటే 18 శాతం తక్కువకే వస్తోంది. అత్యవసరాలకని దాచుకున్న డబ్బులోంచి డౌన్ పేమెంట్ కట్టి, మిగతాది డీలరే ఇప్పించే ఏడేళ్ల రుణంతో సర్దుదామనుకుంటున్నాను. వడ్డీ 7 శాతమేనట. బీమాకీ, పేరు మార్పిడికీ అయ్యే ఖర్చు క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాల్లో కట్టేస్తాను. దాచిన డబ్బు కదిలించడం ఇష్టం లేకపోతే డౌన్ పేమెంట్ లేకుండా మొత్తం రుణమే ఇప్పిస్తామని కూడా అంటున్నారు. ఈ రెండింట్లో ఏది మేలు?

జవాబు: రెండూ వద్దండీ.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. రాసేవాళ్లంతా జాగ్రత్తపరులే, చిక్కంతా అక్కడే ఉంది. కొత్త కారు కొనేవాడికి డబ్బు ఖర్చు పెడుతున్నానన్న భయం కాస్తయినా ఉంటుంది. కొత్తలాంటి పాత కారు కొనేవాడు మాత్రం తాను పొదుపు చేస్తున్నానే అనుకుంటాడు. ఆ ధీమాలో ఎలాంటి అప్పుకైనా సంతకం పెట్టేస్తాడు. మీరు కారు ఎంపికలో చూపిన శ్రద్ధలో పదో వంతు కూడా రుణం మీద పెట్టలేదు.

మీరు పంపిన అంకెలను మీ నెల జీతం 100 అయ్యేలా మార్చుకున్నాను. మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు, లెక్క కూడా తేలిగ్గా ఉంటుంది. పాత అప్పు వాయిదాతో కలిపి మీ ఇంటి ఖర్చు నెలకు 72. మిగిలేది 28. అత్యవసర నిధి 288, అంటే నాలుగు నెలల ఖర్చు. కారు ధర 900. అదే కారు కొత్తదైతే 1,100. నిధిలోంచి 225 తీసి డౌన్ పేమెంట్ కడతారు, 675 అప్పు తెస్తారు, మరో 45 కార్డు మీద వేస్తారు.

ముందు ఆ 7 శాతం సంగతి తేల్చేద్దాం. మీరు పంపిన కాగితంలో నెల వాయిదా దాదాపు 12 అని ఉంది. అలా వచ్చిందంటే అది ఫ్లాట్ వడ్డీ. మీరు కొంత అసలు తీర్చేశాక కూడా, ఏడేళ్లూ మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే వడ్డీ లెక్కగడతారు. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే ఇది దాదాపు 12 శాతం అవుతుంది. ఏడేళ్లకు మీరు కట్టే వడ్డీ సుమారు 330. కొత్త కారు కొననందుకు మిగిలిందని మీరు మురిసిపోతున్న మొత్తం 200. కొత్త కారుకైతే అప్పు ఇంకా పెద్దదయ్యేది కదా అంటారేమో, నిజమే. కానీ మిగిలిందన్న ఆ 200 మీ చేతికి రావడం లేదు, వడ్డీగా అప్పిచ్చినవాడికే పోతోంది. డీలర్ మిమ్మల్ని మొదట అడిగిన మాట ‘నెలకు ఎంత కట్టగలరు సార్?’ అయ్యుంటుంది. దానికి జవాబు చెప్పాక ధర మీద బేరం అక్కడితో ఆగిపోతుంది. గడువు ఎంత సాగదీస్తే మీరు చెప్పిన అంకెలో ఇమిడిపోతుందన్నదే ఇక వాళ్ల లెక్క.

ఇప్పుడు నిధి దగ్గరకు వద్దాం. దాని గురించి కాకపోతే ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టేసేవాణ్ని. 288లోంచి 225 తీస్తే మిగిలేది 63. పాత ఖర్చుతో చూసినా అది నెలకు చాలదు. కారు వచ్చాక పాత ఖర్చు కూడా ఉండదు. కారు వాయిదా 12, కార్డు వాయిదా 4, ఇంధనం, సర్వీసింగ్, ఏటా కట్టే బీమాకు నెలవారీగా పక్కన పెట్టాల్సింది ఓ 9. నెల ఖర్చు 97కు చేరుతుంది. మీ 63 ఇరవై రోజులు రాదు. ఒక్కరి జీతం మీద నడిచే ఇల్లు, ఇద్దరు పిల్లలు, చేతిలో ఇరవై రోజులు! ఆ ఉద్యోగానికి ఏమీ కాదన్న హామీ ఎవరిచ్చారు మీకు?

పోనీ, నిధిని మళ్లీ నింపుకుంటారా? కార్డు వాయిదాలు నడిచే ఏడాదీ నెలకు 3 మిగులుతుంది, ఆ తర్వాత 7. తీసిన 225 తిరిగి చేరడానికి మూడేళ్లు దాటుతుంది. అది కూడా ఈ మూడేళ్లలో కారు ఒక్క మరమ్మతూ అడగకపోతే, ఇంట్లో ఒక్కరూ ఆసుపత్రి మెట్లెక్కకపోతే.

చాలామంది చూడని ఇంకో సంగతి ఉంది. మీరు నిధిని అసలు ముట్టుకోకపోయినా, కారు ఇంటికొచ్చిన రోజే అది చిన్నదైపోతుంది. కార్డు వాయిదా వదిలేసినా కొత్త నెల ఖర్చు 93. నాలుగు నెలలకు సరిపోయే 288 కాస్తా మూడు నెలలకే వస్తుంది. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఎప్పుడూ చెబుతుంటాను: కారు కొనేముందు నిధిని కారు వచ్చాక ఉండే ఖర్చుతో కొలవండి. నిధిలో ఆరు నెలల ఖర్చు ఉండాలన్నది నా లెక్క. మీ విషయంలో దానికి 558 కావాలి. సగమే ఉంది. అందులోంచే డౌన్ పేమెంట్ తీస్తానంటే నేనెలా సరేననను?

ఇంత గట్టిగా చెప్పడానికి సొంత అనుభవం కూడా కారణం. కొన్నేళ్ల క్రితం నేనూ ఏడాది వాడిన కారే కొన్నాను. మెరిసే బానెట్, కొత్త వాసన, తనిఖీ చేశామని చెప్పే కాగితం, అన్నీ ఉన్నాయి. రెండో నెలలో కిటికీ అద్దాలు వాటంతటవే దిగడం మొదలైంది. తర్వాత ఏసీ ఆగిపోయింది. మెకానిక్ ఏ పరికరమూ బయటకు తీయలేదు. ముందు సీటు బెల్టును పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం లాగని ఆ ఆఖరి జానెడు పట్టీ మీద ఎండిపోయిన మట్టి చార అడ్డంగా గీత గీసినట్టు ఉంది. ‘సార్, ఇది నీళ్లలో మునిగిన బండి’ అన్నాడు. వైరింగ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ బిల్లు కట్టింది అత్యవసర నిధే. అది లేకపోయుంటే కార్డు గీకి, ఇవాళ మీకు వద్దని చెబుతున్న పనే నేనూ చేసేవాణ్ని. అమ్మినవాళ్లతో పోట్లాడాను, ఏమీ రాలలేదు.

అందుకని ఇది కాకపోయినా రేపు ఏ కారు చూసినా బెల్టు చివరిదాకా లాగండి. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి, అవి కూడా చదవండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. కారు తయారైన చాలా నెలల తర్వాతి టైర్లు నాలుగూ ఉంటే, ఇంత తక్కువ తిరిగిన బండికి అప్పుడే టైర్లెందుకు మార్చారని అడగాలి. ఓడోమీటర్ అంకె వెనక్కి తిప్పారేమో సర్వీస్ రికార్డులోని అంకెలతో పోల్చి చూడండి. డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి చూపించండి. ఆ ఖర్చుకు వెనకాడేవాళ్లు కారు కొనకపోవడమే నయం. కంపెనీ వారంటీ గడువు కారు మొదటిసారి అమ్ముడైన రోజు నుంచే నడుస్తుంది. మీ చేతికొచ్చేసరికి ఏడాదిన్నర కరిగిపోయి ఉంటుంది. డీలర్ అదనంగా అమ్మే వారంటీ కాగితంలో ఏవి వర్తించవో ఆ పేజీ ముందు చదవండి. బ్రేకులు, క్లచ్, బ్యాటరీ లాంటి అరిగే భాగాలు సాధారణంగా ఆ జాబితాలోనే ఉంటాయి.

డౌన్ పేమెంట్ లేకుండా మొత్తం రుణం అన్నారే, అది ఇంకా ప్రమాదం. నిధి నిలబడినట్టే కనిపిస్తుంది. కానీ 900 మొత్తం అప్పు చేస్తే నెల వాయిదా 16. రెండేళ్లు సక్రమంగా కట్టాక కూడా బాకీ సుమారు 715 ఉంటుంది. కారు విలువ ఏడాదికి 15 శాతం చొప్పున తగ్గుతుందనుకుంటే అప్పటికి 650. ప్రమాదంలో బండి పూర్తిగా పోయిందే అనుకోండి, బీమా సంస్థ ఆనాటి విలువ చూసే ఇస్తుంది. కారు ఉండదు, 65 బాకీ మాత్రం ఉంటుంది. దాన్ని కట్టేదెవరు? మళ్లీ ఆ నిధే. డౌన్ పేమెంట్ అక్కర్లేదనడం ఉదారత కాదు. అప్పు పెద్దదైతే రుణం ఇప్పించినవాడి కమీషనూ పెద్దదవుతుంది. కార్డు వాయిదాల ఊసు ఇక ఎత్తకండి. బీమా కట్టడానికే అప్పు కావాల్సి వస్తోందంటే ఆ కారు మీ స్తోమతకు మించినదని అర్థం.

బీమా మాటెత్తాం కాబట్టి ఒక్క ముక్క: పాలసీ మీ పేరుకు మారిందని కాగితం చేతికొచ్చేదాకా బండి రోడ్డెక్కించకండి. ముందటి యజమాని రుణం తీరిందన్న పత్రం కూడా అడగండి. మీ టర్మ్ పాలసీ, కుటుంబ ఆరోగ్య బీమా వివరాలు ఉత్తరంలో లేవు. అవి లేకపోతే కారు ఆలోచన అక్కడే ఆపేసి ముందు అవి తీసుకోండి.

మరేం చేయాలంటారా? చిన్న కారు చూడొచ్చు, నాలుగైదేళ్లు వాడింది చూడొచ్చు. రుణం తప్పదనుకుంటే మీ బ్యాంకును విడిగా అడగండి, గడువు నాలుగేళ్లు దాటనివ్వకండి. నేనైతే ఆగమంటాను. మీరు చూసిన ఆ కారే, అదే లెక్కన తగ్గుతూ పోతే, 20 నెలల తర్వాత 690కి అటూ ఇటూగా ఉంటుంది. ఈ 20 నెలల్లో నెలకు 28 చొప్పున మీరు 560 కూడబెడతారు. అందులో 270 నిధికి చేరితే ఆరు నెలల లెక్క పూర్తయింది. మిగతా 290 డౌన్ పేమెంట్‌కు, బీమాకు, పేరు మార్పిడికి. అప్పు చాలా చిన్నదవుతుంది, నాలుగేళ్లలో తీరిపోతుంది.

ఇవాళ బుక్ చేస్తేనే ఈ ధర అని డీలర్ అన్నట్టు రాశారు. అననివ్వండి. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా, ఇవ్వకండి. కారు వాయిదాకూ నిర్వహణకూ కలిపి నెలకు 21 కట్టగలనని మీ నమ్మకం కదా. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచే ఆ 21 వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి. కారు నిజంగానే ఇంటి ముందున్నట్టు, ఆలస్యమైతే అపరాధ రుసుము పడుతుందన్నట్టు వేయండి. ఆరు నెలల తర్వాత ఆ ఖాతా పుస్తకం చూసి నాకు మళ్లీ రాయండి. ఏదైనా నెల వేయలేకపోతే అది ఏ నెలో, ఎందుకు వేయలేకపోయారో కూడా రాయండి.