లుయాంగ్ ప్రబాంగ్‌లో ఏ ప్లానూ లేని రోజులు

బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్లినవాళ్లు కొత్త చోట్లేవీ చూడకుండా ఒకే ఊళ్లో రోజుల తరబడి ఉండిపోతారెందుకు, అది డబ్బు దండగ కాదా, బోర్ కొట్టదా అని అడిగారు. దండగ కాదని నా గట్టి నమ్మకం. లావోస్‌లోని లుయాంగ్ ప్రబాంగ్‌లో నేను చూసింది చెబుతాను.

మెకాంగ్‌లో నామ్ ఖాన్ నది వచ్చి కలిసేచోట, రెండు నదుల మధ్య ఉంటుంది ఆ పాత ఊరు. ఒకప్పటి రాజధాని. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలామంది రెండ్రోజుల్లో చూసి వెళ్లిపోతారు. తెల్లారగానే వీధుల్లో అన్నం భిక్షగా తీసుకుంటూ వెళ్లే బౌద్ధ భిక్షువులు, మధ్యాహ్నం క్వాంగ్ సీ జలపాతం, సాయంత్రం ఫూసీ కొండ, రాత్రి బజారు. నేనూ అవన్నీ చూశాను, బాగున్నాయి. కానీ చూడాల్సినవి అయిపోయాకే ఆ ఊరు నాకు అర్థం కావడం మొదలైంది.

భిక్ష సంగతే తీసుకోండి. మొదటిరోజు పెద్ద వీధిలో నిలబడితే కాషాయ వస్త్రాలు, వాటి ముందు కెమెరాలు, అంతే కనిపించాయి. తర్వాత్తర్వాత నేనున్న గెస్ట్‌హౌస్ సందు చివరినుంచే, దూరంగా, రోజూ చూసేదాన్ని. ఒక పెద్దావిడ భుజం మీద కండువా వేసుకుని, చిన్న పీట మీద కూర్చునేది. వెదురు బుట్టలో వేడివేడి జిగురన్నం. భిక్షువులు చెప్పుల్లేకుండా, పెద్దవాళ్లు ముందు, పిల్లలు వెనక, వరుసగా వచ్చేవారు. ఒక్కొక్కరి పాత్రలో ఆవిడ చిన్న ముద్ద పెట్టేది. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు. ఇవ్వడం వల్ల పుణ్యం దక్కేది ఇచ్చినవాళ్లకే కదా, పుచ్చుకున్నవాళ్లు ఎందుకు చెబుతారు? ఇంకా ముందుకెళ్తే వీధి అంచున కొందరు పేదపిల్లలు ఖాళీ బుట్టలు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు. భిక్షువులు తమ పాత్రల్లోంచి తీసి ఆ బుట్టల్లో వేసి సాగిపోయేవారు. అన్నం ఆ వీధిలోనే ఇంకొకరి ఆకలికి చేరుతోందన్నమాట. మొదటిరోజు నా కళ్లు అంతదూరం పోనేలేదు.

మీరు వెళ్తే దయచేసి ఎదురుగా వెళ్లి ఫ్లాష్ కొట్టకండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు. ఫొటో కోసమైతే భిక్ష వేయొద్దు. అది వాళ్ల పూజ.

మధ్యాహ్నాలు ఎండ ఎక్కువగా ఉంటే వాట్ సియెంగ్ థోంగ్‌కి వెళ్లి కూర్చునేదాన్ని. 1560 ప్రాంతంలో సెత్తథిరాత్ రాజు కట్టించిన ఆలయం. పైకప్పు అంచులు దాదాపు నేలదాకా వంగి ఉంటాయి. అక్కడే రాజుల అంత్యక్రియల రథం ఉన్న మందిరం ఒకటుంది. దాని బయటి చెక్కల మీద బంగారు పూతతో రామాయణ ఘట్టాలు చెక్కారు. తీరిగ్గా కూర్చుంటే రథాలు, వానరులు, యుద్ధాలు ఒక్కొక్కటే తెలుస్తూ వచ్చాయి. లావో ప్రజల రామకథ మెకాంగ్ ఒడ్డునే జరుగుతుంది. మనకు తెలిసిన కథ ఇంకో నది ఒడ్డున సొంత కథగా ఇన్ని వందల ఏళ్లు బతికిందంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మనుషులతో మాట్లాడాలంటే బిగ్ బ్రదర్ మౌస్ అనే చోటు ఉంది. లావో భాషలో పిల్లల పుస్తకాలు వేసే సంస్థ. అక్కడ కుర్రవాళ్లు ఇంగ్లీష్ మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తారు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. అలా వచ్చే చిన్న భిక్షువుల్లో చాలామంది కొండ పల్లెల పిల్లలు. చదువు కోసం ఆలయంలో చేరినవాళ్లు. మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టరు. సియెంగ్ ఖువాంగ్ అనే రాష్ట్రం వైపునుంచి వచ్చిన ఒకబ్బాయి తమ ఊళ్లో కొత్త పొలం తవ్వాలంటే భయమని మామూలుగా చెప్పాడు. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. పేలనివి ఇప్పటికీ మట్టిలో ఉన్నాయి. ఊళ్లో దీని గురించే ఒక ప్రదర్శనశాల ఉంది, తప్పక వెళ్లండి. కానీ ఆ అబ్బాయి నోట విన్నాకే నాకు ఆ అంకెలు బరువుగా తోచాయి.

మిగతా టైమంతా నదే. వానలు తగ్గి నీళ్లు వెనక్కి పోగానే తేలిన ఒడ్డు మీద కూరగాయల మళ్లు వేస్తారు. నామ్ ఖాన్ మీద ఏటా వెదురు వంతెన కడతారు, మళ్లీ వానాకాలానికి తీసేస్తారు. చలికాలంలో నదిలోని నాచు ఏరి, కడిగి, వెల్లుల్లి, టమాటా, నువ్వులు అద్ది పల్చగా ఎండబెడతారు. కైపెన్ అంటారు. నూనెలో ఇలా వేసి అలా తీస్తే కరకరలాడుతుంది. చాలా ఇష్టంగా తిన్నాను.

బోర్ కొట్టిందా అంటే, కొన్ని మధ్యాహ్నాలు కొట్టింది. అప్పుడు నడిచేదాన్ని, లేదా నిద్రపోయేదాన్ని. మీకు వీలుంటే నవంబర్ నుంచి జనవరి మధ్య వెళ్లండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద పొలాలు కాలుస్తారు, ఊరంతా పొగ పడుతుంది. టూరిస్ట్ వీసా 30 రోజులకు ఇస్తారు కాబట్టి లుయాంగ్ ప్రబాంగ్‌కి కనీసం ఒక వారం కేటాయించండి. తిరుగు టికెట్ తేదీ మాత్రం అక్కడికి వెళ్లాకే ఖాయం చేసుకోండి.