కింది లీగుల ఫుట్‌బాల్ స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) పై స్థాయికి చేరగలడా?

"తిరుపతిలో ఫుట్‌బాల్ ఆడే మా తమ్ముడికి 23 దాటాయి, ఇక లాభం లేదా?" అని మీరు అడిగారు. అవకాశం ఉంది, కానీ అరుదు. ఇంగ్లాండ్ స్ట్రైకర్ జేమీ వార్డీని చూడండి. షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ అతన్ని చిన్నప్పుడే వద్దనుకుంది. స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్‌లో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2012లో లెస్టర్ సిటీ క్లబ్ 10 లక్షల పౌండ్లకు కొనేనాటికి అతనికి 25 ఏళ్లు. 2015-16లో ఆ క్లబ్‌కు ఇంగ్లాండ్ అగ్ర లీగ్ టైటిల్, అతనికి లీగ్‌లో 24 గోల్స్! స్ట్రైకర్‌కు ఒక సుఖం, గోల్స్ లెక్క ఎవరికైనా కనిపిస్తుంది.

అయితే ఇంగ్లాండ్‌లో కింది లీగు గెలిచిన క్లబ్ పై లీగుకు వెళ్తుంది, కింది లీగుల మ్యాచ్‌లకూ స్కౌట్లు వస్తారు. మనకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఆంధ్ర క్లబ్బే లేదు. రాష్ట్ర జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీకి మన రాష్ట్ర జట్టు సెలక్షన్స్, రైల్వే స్పోర్ట్స్ కోటా చూసుకోమనండి. డిగ్రీ మాత్రం మధ్యలో ఆపనివ్వకండి.