పేజీ వేరు, పాఠం వేరు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. పెద్దబాబు ఆరో తరగతికి వచ్చినప్పుడు పిల్లల చదువుల కోసమని హన్మకొండలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయన ఊళ్లో మిర్చి, పత్తి పండిస్తూ వారానికి రెండుసార్లు వచ్చిపోతుంటారు. బాబుకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి. ఐదు దాకా తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంగ్లిష్ మీడియం. చదవమంటే తలనొప్పి అంటాడు, స్కూలుకు బయలుదేరే టైముకు కడుపునొప్పి అంటాడు. తెలుగు రాసినా ఒత్తులు ఉండవు, ఒక్కోసారి అక్షరాలే ఎగిరిపోతాయి. మొన్న పాఠం చదవమంటే గడగడా చదివాడు. సంతోషపడి దగ్గరికి వెళ్లి చూస్తే పుస్తకంలో తీసి ఉన్నది వేరే పేజీ! ఆరో తరగతి చదివే చెల్లెలితో చదివించుకుని, విని, నోటికి పట్టాడట. మా ఆయనకు తెలిసి కొట్టారు. మా అత్తమ్మ "మొద్దు" అంటుంది. స్కూలు వాళ్లు పిలిచి, వచ్చే ఏడు పదో తరగతి, మా రిజల్ట్ పోతుంది, టీసీ తీసుకెళ్లండి అన్నారు. మా ఆయన మెకానిక్ షెడ్డులో పెడతానంటున్నారు. నిన్న వాడు "నేను లేకుంటే మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. తెలివి లేనివాడు కాదు. ఎనుమాముల మార్కెట్‌లో పదిహేడు బస్తాల మిర్చి, బస్తాకు 41 కిలోలు, క్వింటాకు 14,200 అనగానే, చిట్టీ రాయకముందే "లక్షకు వెయ్యి తక్కువ" అన్నాడట. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, చదువు సంగతి తర్వాత. ముందు వాడు నిన్న అన్న మాట చూద్దాం. "నేను లేకుంటే" అంటే ఏంటని ఈ రాత్రే అడగండి. అన్నాలు తిన్నాక, చెల్లెలు పడుకున్నాక, పక్కన కూర్చుని సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా బిడ్డా?" అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. దాచుకున్నది బయటకు వస్తుంది, అంతే. అవునన్నా, తల దించుకుని ఊరుకున్నా వాణ్ణి ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది. డబ్బులు తీసుకోరు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి. మీది పత్తి, మిర్చి చేసే ఇల్లు కాబట్టి చెబుతున్నాను. ఊళ్లో ఇంట్లో పురుగుల మందు డబ్బాలు మంచం కిందో అటక మీదో ఉంటాయి. మీ ఆయనకు చెప్పి వాటిని తాళం పడే చోట పెట్టించండి. ఈ పని రేపటికి వాయిదా వేయొద్దు.

ఇక ఆ వేరే పేజీ. మీ ఇంట్లో అందరికీ అది మోసంలా కనిపించింది. నాకు అలా కనిపించలేదు. తొమ్మిదో తరగతి పాఠాన్ని ఆరో తరగతి పిల్ల తడుముకుంటూ చదువుతుంటే, విని, మాట పోకుండా పట్టుకుని, మళ్లీ చదువుతున్నట్టే అప్పజెప్పడం చిన్న పనేం కాదు. మనలో ఎంతమందికి చేతనవుతుంది? మార్కెట్ లెక్క సంగతీ అంతే. నేను కాగితం మీద వేసి చూశాను. 697 కిలోలు, 98,974 రూపాయలు. వాడు కాగితం లేకుండా చెప్పింది సరిపోయింది. వినే చెవి బాగుంది, జ్ఞాపకం బాగుంది, లెక్క బాగుంది. అచ్చులో ఉన్న అక్షరం దగ్గరే పని ఆగిపోతోంది. అదొక్కటే ఆగిపోతోందంటే దానికి కారణం ఉంటుంది.

ఆ కారణం డిస్లెక్సియా కావచ్చు. 'కావచ్చు' అనే అంటున్నాను, ఉత్తరం చూసి తేల్చే విషయం కాదిది. కంటికి కనిపించిన అక్షరాన్ని దాని శబ్దంతో జత చేసే పని కొందరి మెదడుకు చాలా కష్టం. తెలివికి దీనితో సంబంధం లేదు. బద్ధకం కాదు, మీ పెంపకం లోపం కాదు. మన తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇలాంటి పిల్లలు మెల్లగానైనా కూడబలుక్కుని నెట్టుకొస్తారు. అయినా 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చూడండి. స కింద త, ఆ పక్కన ర, పైన గుడి దీర్ఘం. ఒక్క చూపులో నాలుగింటిని విడదీసి మళ్లీ కలపాలి. మీవాడి నోట్సులో ముందు జారిపోయేది ఒత్తులే కావడం అందుకే. ఇంగ్లిష్‌కు వచ్చేసరికి 'బట్' ఒకలా పలుకుతుంది, 'పుట్' ఇంకోలా పలుకుతుంది, రాతలో మాత్రం అదే 'యు'. అప్పటిదాకా ఎలాగో దాగిన కష్టం ఆరో తరగతిలో ఒక్కసారి బయటపడింది.

మీడియం మారడం వల్లే ఇదంతా అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వేయండి: మరి తెలుగులో ఎందుకు తప్పులు పోతున్నాయి? మీడియం ఒక్కటే కారణమైతే తెలుగు బాగుండాలి కదా. అలాగే "గట్ల", "పోతున్న" అని మన యాసలో మాట్లాడటాన్ని, రాయడాన్ని ఈ లెక్కలో కలపనివ్వకండి. యాస లోపం కాదు. ఇలా కలిపేసి పిల్లల్ని చిన్నబుచ్చే టీచర్లను చూశాను.

వాళ్లను అనే ముందు నా తప్పు కూడా చెప్పాలి. కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి అబ్బాయినే ఒక తల్లి తీసుకొచ్చింది. నేను పెద్ద తెలిసినదానిలా "రోజూ గంటసేపు గట్టిగా చదివించండి, అదే వస్తుంది" అన్నాను. ఆవిడ చెప్పినట్టే చేసింది. వాకిట్లో కూర్చోబెట్టి గంటసేపు గట్టిగా చదివించింది. వాడకట్టు పిల్లలంతా నవ్వారు. ఆర్నెల్లకు అబ్బాయి బడి మానేశాడు. ఇప్పుడు ఎవరైనా "గట్టిగా చదివించండి" అంటే నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది.

కాబట్టి ఇంట్లో మొదట ఆగాల్సింది అదే. నలుగురి ముందు చదివించడం, చెల్లెలితో పోల్చడం, కొట్టడం, 'మొద్దు' అన్న మాట, అన్నీ ఈ రోజుతో బంద్. అత్తమ్మకు డిస్లెక్సియా అని చెబితే ఎక్కకపోవచ్చు. "కళ్లు మసకబారినవాణ్ణి సూదిలో దారం ఎక్కించలేదని తిడతామా?" అనండి. మీరు మిషన్ కుట్టే మనిషి, ఆ మాట మీ నోట బాగా నప్పుతుంది.

సాయంత్రం ట్యూషన్ ఉంటే మాన్పించండి. బడిలో రాని పద్ధతినే ఇంకో రెండు గంటలు రుద్దితే ఒరిగేదేమీ లేదు. దాని బదులు రోజూ పావుగంట, తలుపు వేసుకుని, మీరిద్దరే. వరుస కింద స్కేలు పెట్టి, ఒక వాక్యం మీరు చదవండి, అదే వాక్యం మీ వెంట వాడు. తప్పు పోతే ఆపి సరిదిద్దకండి, సరైన మాట మీరు పలికి ముందుకు పోండి. పావుగంట దాటనివ్వొద్దు, వాడు ఇంకాస్త అన్నా సరే. సైన్స్, సోషల్ పాఠాలకు చెవినే వాడుకోండి. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కనుండే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్ష అనే సర్కారు చదువుల యాప్‌లో వీడియోలు వస్తాయి. సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. అలాంటి సెట్టు ఎవరి దగ్గరైనా దొరికితే తెచ్చుకోండి. పాఠం ముందు తెలుగులో విని, అర్థమయ్యాక ఇంగ్లిష్‌కు రానివ్వండి. చెల్లెలు చదివి పెట్టడం కూడా మాన్పించకండి. దొంగచాటుగా జరిగిన పని ఇక బాజాప్తా జరగాలి. ఫోన్‌లో రికార్డు చేయమనండి, ఆ పిల్లకూ చదువు అబ్బుతుంది.

పరీక్షల సంగతి. ముందు కళ్లు, చెవులు చూపించండి. చూపు, వినికిడి బాగున్నాయని తేలాకే మిగతావి. వరంగల్ ఎంజీఎం పెద్దాస్పత్రిలో పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టి, అక్కణ్నుంచి మానసిక వైద్య విభాగానికి రాయించుకోండి. తెలివితేటల పరీక్ష ఒకటి, చదవడం, రాయడం, లెక్కలు చూసే పరీక్షలు విడిగా ఉంటాయి. వీటిని క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. ఒక్క రోజులో అయిపోకపోవచ్చు. తెలుగులో కూడా చదివించి చూడమని మీరే నోరు తెరిచి అడగండి. ఇంగ్లిష్‌లో మాత్రమే చూస్తే మీడియం కష్టమేదో మెదడు కష్టమేదో తేలదు. ఇక్కడ కుదరకపోతే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే చేరుకోవచ్చు. దగ్గరలోని భవిత కేంద్రంలో కూడా అడగండి. ఎక్కడుందో మండల విద్యాధికారి ఆఫీసులో చెబుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూసే రిసోర్స్ టీచర్లు అక్కడుంటారు. వాళ్లు ఎక్కువగా చూసేది సర్కారు బడి పిల్లలనే, అయినా దారి చూపించమని అడగడానికి మొహమాటం దేనికి?

ఈలోపు జ్ఞాపకశక్తి పొడి అనీ, మిడ్ బ్రెయిన్ కోర్సు అనీ ఎవరైనా వస్తే పైసా ఇవ్వకండి. దీనికి మందు లేదు. నేర్పే పద్ధతి మారాలి, టైము ఎక్కువ ఇవ్వాలి.

ఇప్పుడు స్కూలు. "రిజల్ట్ పోతుంది" అన్న మాట విని మీరు తల దించుకుని వచ్చి ఉంటారు. ఈసారి తల దించొద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నేర్చుకోవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందులు అందులో ఉన్నాయి. పిల్లల్లో వీటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులదీ అని ఆ చట్టమే చెబుతోంది. అంటే గుర్తించాల్సినవాళ్లే గుర్తించకుండా టీసీ తీసుకెళ్లమంటున్నారు. అలాగని మొదటి రోజే చట్టం పేరెత్తి గొడవకు దిగమనను. ఏడాదిన్నర వాడు అక్కడే కూర్చోవాలి. ఒక తెల్లకాగితం మీద "మా అబ్బాయికి పరీక్షలు చేయిస్తున్నాం, రిపోర్టు వచ్చేదాకా టీసీ మాట ఎత్తకండి, క్లాసులో నిలబెట్టి చదివించకండి" అని రాసి హెడ్మాస్టరుకు ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటకు వాళ్లు ఏమైనా అంటారు, కాగితానికి ఆలోచించి మాట్లాడతారు. అప్పటికీ వినకపోతే జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు ఉంది.

ఈ ఇబ్బంది ఉందని తేలి వైకల్య సర్టిఫికెట్ వస్తే పదో తరగతి పరీక్షల్లో ఎక్కువ సమయం, చెబితే రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. ఆ చట్టంలో వీటి ప్రస్తావన ఉంది. మీవాడికి వీటిలో ఏవి వర్తిస్తాయో సర్టిఫికెట్ చేతికి రాగానే హెడ్మాస్టరుతో ఎస్సెస్సీ బోర్డుకు రాయించి తేల్చుకోండి. దరఖాస్తు బడి ద్వారానే పోవాలి. పరీక్ష ఫీజు కట్టే రోజుల దాకా ఆగితే చేయి దాటిపోతుంది. మార్చిలో హాల్‌టికెట్ పట్టుకుని తిరిగితే ఎవరూ ఏమీ చేయలేరు. చెప్పి రాయించడం కూడా అలవాటు కావాల్సిన పనే. ఇంటి దగ్గర చెల్లెలికి చెప్పి రాయించే సాధన ఇప్పుడే మొదలుపెట్టించండి. మీవాడిలాంటి జ్ఞాపకం ఉన్న పిల్లలకు ఇది బాగా కలిసొస్తుందని నా నమ్మకం. అన్నీ బెడిసికొట్టినా తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, అక్కడ రాసినా పది పదే.

మెకానిక్ షెడ్డు మాట. అదేం తక్కువ పని కాదు. మీవాడి చేతికి అది ఇష్టమే కావచ్చు కూడా. కానీ ఐటీఐలో చాలా ట్రేడ్లకు పది పాసై ఉండాలి. అన్నిటికంటే, శిక్షగా పంపిస్తే ఏ పనైనా శిక్షలాగే ఉంటుంది.

మిగిలింది మీ ఆయన. మీ ఉత్తరంలో ఆయన చదువు గురించి ఒక్క ముక్క లేదు. ఆయన ఎంతదాకా చదివారు? ఎందుకు మానేశారు? ఈ కష్టం చాలా కుటుంబాల్లో తండ్రి నుంచో తల్లి నుంచో వస్తుంది. మార్కెట్‌లో లెక్క నోటితో వేసి, చిట్టీ చదవాల్సి వచ్చినప్పుడు "నువ్వు చూడు" అని పక్కవాడికిచ్చే మగవాళ్లను మన దగ్గర ఎంతమందిని చూడలేదు! ఆయన అలాంటివారని నేను అనడం లేదు. ఒకవేళ అయితే, చిన్నప్పుడు తన వీపు మీద పడిన దెబ్బలే కొడుకుకు పంచుతున్నారేమో. "మీ రక్తమే" అని మాత్రం పొరపాటున కూడా అనకండి, అది తలుపు మూసే మాట. ఇంట్లో, అత్తమ్మ ముందు ఈ విషయం ఎత్తకండి. ఊరికి పోయేటప్పుడు బండి మీదో, చేను గట్టు మీదో, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేని చోట "మీరు బడిలో ఎట్లుండేవారు?" అని అడిగి ఊరుకోండి. వెంటనే మాట్లాడకపోవచ్చు. మళ్లీ అడగొద్దు, ఆయనే చెబుతారు.

ఆస్పత్రికి ఆయన్నే తోడు రమ్మనండి. పోయేటప్పుడు బాబు పాత నోట్సులు సంచిలో వేసుకోండి. ఊళ్లో అటక మీద రెండో తరగతి, మూడో తరగతివి దొరికితే మరీ మంచిది, ఒత్తులు అప్పటినుంచీ పోయాయో లేదో డాక్టర్లు చూస్తారు. చింపులు, ఎర్ర సిరా సున్నాలు ఉన్నా అలాగే తీసుకెళ్లండి. బాగుండదని కొత్త నోట్సులో మళ్లీ రాయించకండి.