చివరి సెకన్లలో వేలం పాట పోతే మోసమేనా?

ఈబే అనే ఇంటర్నెట్ వేలం సైటులో కెమెరాకి 4,000 దాకా పాడితే ఆఖరి మూడు సెకన్లలో ఎవరో 4,100కి కొట్టుకుపోయారని ఒంగోలు నుంచి అడిగారు.

మోసం కాదండీ. ఈబేలో గడువు కదలదు; మన చెరువు పాటలాగా ‘ఒకటోసారి, రెండోసారి’ అని ఆగరు. పైగా అక్కడ మనం గరిష్ఠ ధర పెడితే, సైటే మన తరఫున అవసరమైనంత వరకే ఒక్కో మెట్టు (కనీస పెంపు) ఎక్కిస్తూ పాడుతుంది. కాబట్టి 4,100 ఆయన గరిష్ఠం కాకపోవచ్చు, మీ 4,000 మీద ఒక మెట్టు మాత్రమే కావచ్చు. ఆయన 7,000 పెట్టి ఉండొచ్చు. అందుకే మీరూ ఇవ్వగలిగినంతా ముందే పెట్టేయండి. మీరు 6,000 పెట్టినా, అవతలి గరిష్ఠం 4,500 అయితే దానిపై ఒక మెట్టే కడతారు. ఆఖరి పాటకి గడువు పెంచే వేలాలే నా దృష్టిలో న్యాయం.

అసలు మోసం, అమ్మేవాడు సొంత మనుషులతో ధర ఎక్కించడం. ఒకే ఖాతా అతని సరుకులన్నిటికీ పాడుతూ ఎన్నడూ గెలవకపోతే వదిలేయండి, ఫిర్యాదు పెట్టండి.