డీఎన్ఎస్ ఫైలు ఎక్కించబోతున్న మా చెల్లెలి కొడుక్కి

నాన్నా,

నిన్న మీ అమ్మ ఫోను చేసి, "వాడికి శనివారం రాత్రి ఆఫీసులో పెద్ద పనట అక్కా. వెయ్యి పైచిలుకు పేర్లు ఎక్సెల్ షీటులోంచి సర్వర్‌లోకి ఒకేసారి ఎక్కించాలట. వాడొక్కడికే అప్పగించారట" అని మురిసిపోయింది. నేనూ మురిశాను. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగంలో సగం ఆ పనితోనే, అంటే కంప్యూటర్ల పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌తోనే, గడిచింది కాబట్టి, మీ అమ్మ గర్వంగా చెప్పిన మాటల్లో నా చెవిన పడినవి నాలుగే: శనివారం, రాత్రి, ఒక్కడు, ఎక్సెల్.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తాను. మీ డొమైన్‌లోని పేర్లూ చిరునామాలూ రాసి ఉండే పాత జోన్ ఫైలుకు నకలు తీసి వేరే యంత్రంలో దాచు. జవాబును లోకం ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవాలో చెప్పే టీటీఎల్ 86400 ఉంటే ముందే 300కు దించి, ఒక రోజు పూర్తిగా ఆగు. ఎక్కించే ముందు, ఫైలులో తప్పులు వెతికే నేమ్‌డ్-చెక్‌జోన్ నడుపు. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టకు, రీలోడ్ చెయ్యి చాలు. రీలోడ్‌లో కొత్త ఫైలు చదవలేకపోతే బైండ్ అనే మీ సర్వర్ ప్రోగ్రాము పాత జోన్‌తోనే జవాబులిస్తూ ఉంటుంది. ఆపి మొదలుపెడితే దాని చేతిలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

ఇక ఎక్సెల్. ఐపీ చిరునామా ఉన్న గడి మూల పట్టుకుని కిందికి లాగావనుకో, అది చివరి అంకెను ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతుంది. ఒకే చిరునామా కావలసిన ఇరవై పేర్లకు ఇరవై చిరునామాలు వస్తాయి. అన్నీ చూడటానికి నిజమైన వాటిలాగే ఉంటాయి. 255 దాటినా ఎక్సెల్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు, 256 వేసి పెడుతుంది. అదే నయం, 256ను సర్వర్ ఒప్పుకోదు, దొరికిపోతుంది. నాకు భయం 254 దాకా ఉన్న వాటితోనే. ఇంకొకటి: యూటీఎఫ్-8 సీఎస్‌వీగా దాస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరతాయి. నీ స్క్రిప్టు మొదటి వరుస దగ్గర మాత్రమే తడబడుతుంది, నువ్వేమో ఆ పేరులో తప్పు వెతుకుతూ కూర్చుంటావు. చిరునామాలన్నీ ఒకే పొడవులో అందంగా కనపడాలని ముందు సున్నాలు పెట్టే అలవాటు మీ పాత షీటులో ఉంటే వెంటనే తీసెయ్యి. సున్నాతో మొదలైన అంకెను కొన్ని ప్రోగ్రాములు ఎనిమిదుల లెక్కలో చదువుతాయి. వాటికి 010 అంటే ఎనిమిది.

అసలు చెప్పాలనుకున్నది చుక్క గురించి.

ఈ జోన్ ఫైలు రూపం 1987 నవంబరులో, డీఎన్ఎస్‌ను రూపొందించిన పాల్ మొకపెట్రిస్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1035 అనే ప్రమాణ పత్రంలోది. నీకంటే వయసులో పెద్దది, పెద్దల పట్టింపులన్నీ దానికి ఉన్నాయి. పేరు చివర చుక్క ఉంటే అది పూర్తి పేరు. చుక్క లేకపోతే సర్వర్ ఆ పేరుకు జోన్ పేరు తగిలిస్తుంది. జోన్ పేరును ఇంటిపేరు అనుకో. మనకు ముందు వచ్చేది, దానికి వెనక వస్తుంది, అంతే తేడా. ఇంటిపేరుతో సహా చెప్పిన వాడికి కూడా, చివర చుక్క పెట్టకపోతే మళ్లీ అదే ఇంటిపేరు తగిలించి పంపుతుంది. ఇది నీకు తెలుసు. మా ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా జరిగింది.

2000 దాటిన తొలి రోజులు. మా ఆఫీసు ఆబిడ్స్‌లో. డొమైన్‌ను బయటి వాళ్ల దగ్గర నుంచి మా సొంత సర్వర్‌కు తెచ్చుకుంటున్నాం. ఆ పని నా పక్క కుర్చీలో కూర్చునే ఒక సీనియర్‌కు అప్పగించారు. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. అన్నం డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకునే మనిషి. శాఖల నుంచి వచ్చిన పట్టికలన్నీ ఒకచోట చేర్చి, ఆక్ భాషలో చిన్న స్క్రిప్టు రాసి, ఎడమ వైపు పొట్టి పేరు, కుడి వైపు చిరునామా వచ్చేలా చక్కగా దించాడు. అంకెల చిరునామాకు చుక్క గొడవ లేదు కదా, కాబట్టి అన్ని వందల వరుసలూ సరిగ్గా వచ్చాయి. చివర మిగిలినవి, ఈమెయిల్ ఉత్తరాలు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ వరుసలు రెండే. రెండింటికి స్క్రిప్టు ఎందుకని చేత్తో కొట్టాడు. మెయిల్ సర్వర్ పూర్తి పేరు రాశాడు. చుక్క పెట్టలేదు.

సర్వర్ కిక్కురుమనలేదు. దాని లెక్కలో అది తప్పు కానే కాదు, ఇంటిపేరు రెండుసార్లు వచ్చిన ఒక చక్కటి పేరు. వెబ్‌సైటు తెరిచి చూశారు, వచ్చింది. అందరూ భేష్ అన్నారు. శుక్రవారం సాయంత్రం అది. అందరం బస్సులెక్కి ఇళ్లకు పోయాం. శని, ఆదివారాలు ఉత్తరాలు రాకపోతే సెలవు కదా అనుకున్నారు. సోమవారం పొద్దున బయటి నుంచి ఒకరు ఫోను చేసి, మీకు పంపినవన్నీ తిరిగి వస్తున్నాయేమిటి అని అడిగేదాకా ఎవరికీ తెలియదు.

కారణం ఆయనే పట్టుకున్నాడు, చుక్కలూ ఆయనే పెట్టాడు. అక్కడితో అయిపోలేదు నాన్నా. ఆ కంగారులో ఫైలు మార్చిన ప్రతిసారీ పెంచవలసిన సీరియల్ నంబరు పెంచలేదు. ప్రధాన సర్వర్‌లో తప్పు పోయింది. వేరే ఊళ్లో ఉండి ప్రధానదాని నకలు పెట్టుకునే రెండో సర్వర్ మాత్రం, నంబరు మారలేదు కాబట్టి కొత్తది తీసుకోవలసిన అవసరమే లేదనుకుని పాత తప్పునే చెబుతూ కూర్చుంది. మేము ఆఫీసులోంచి ఎన్నిసార్లు అడిగినా దగ్గరి సర్వరే పలికి సరైన జవాబు చెప్పేది. బయట మాత్రం సగం ఉత్తరాలు వెనక్కి పోతూనే ఉన్నాయి. రెండో సర్వర్‌ను విడిగా అడిగి చూడాలని తట్టేసరికి సాయంత్రమైంది. దాన్ని సరిచేశాక కూడా, పాత జవాబును ఒక రోజు గుర్తుపెట్టుకోమని మా టీటీఎల్లే లోకానికి చెప్పి ఉంది. ఇక చేసేదేముంది, కూర్చుని గడియారం చూడటం తప్ప.

మర్నాడు మీటింగులో పెద్దాయన అందరి ముందూ, "ఒక్క చుక్కా?" అన్నాడు. మా సీనియర్ సమాధానం చెప్పలేదు. ఆ ఫైలు ఇంకెవరైనా చూశారా అని ఒక్కరూ అడగలేదు. పనిని ఇంకొకరికి చూపించే అలవాటే మా ఆఫీసులో లేదు. చూపిస్తే చేతకానివాడనుకుంటారని. ఆ వారం ఆయన జోన్ ఫైలు మొత్తం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో ముద్రించుకుని, మధ్యాహ్నం భోజనం మానేసి, ట్యూబులైటు కింద ఎర్ర పెన్నుతో ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుడుతూ కూర్చునేవాడు. ఆ కాగితం మీద చుక్కకూ రిబ్బను మరకకూ తేడా తెలిసేది కాదు. కాగితాన్ని పైకెత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు. నెల తిరక్కుండా ఆయనను ప్రింటర్ల నిర్వహణకు మార్చారు. మళ్లీ సర్వర్ల గదిలోకి రాలేదు.

2009 అక్టోబరు 12న స్వీడన్ వాళ్ల డాట్ ఎస్ఈ జోన్‌లోనే, ఒక స్క్రిప్టు చివరి చుక్కలు పెట్టకపోవడంతో ఆ దేశపు పేర్లన్నీ పలకకుండా పోయాయి. పేపర్లో చదివి, ఆయనకు చెబుదామని ఫోను చేశాను. చాలాసేపు నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకప్పటిదాకా తెలియదు.

ఇప్పటి చెక్‌జోన్‌కు కాస్త తెలివి ఉంది. ఎంఎక్స్ చూపించే పేరు నీ జోన్‌లోదే అయి, దానికి చిరునామా లేకపోతే చెబుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకు. మీ జోన్‌లో నక్షత్రం గుర్తుతో ఒక వరుస ఉంటే, అది దారిన పోయే ప్రతి పేరుకూ జవాబిస్తుంది. చుక్క మరిచిన పేరుకు కూడా. అప్పుడు చెక్‌జోన్ 'ఓకే' అంటుంది, ఉత్తరాలు మాత్రం వెబ్ సర్వర్ తలుపు తడతాయి.

ఉత్తరాల మాట వచ్చింది కాబట్టి, ఉత్తరం పంపింది మనమేనని రుజువు చేసే డీకిమ్ టీఎక్స్‌టీ వరుసలు చూసుకో. జోన్ ఫైలులో సెమీకోలన్ తర్వాత ఉన్నదంతా సర్వర్ పట్టించుకోని వ్యాఖ్య. కొటేషన్ గుర్తులు లేకుండా డీకిమ్ వరుస పెడితే మొదటి సెమీకోలన్ దగ్గరే తెగిపోతుంది, సర్వర్ మిగిలిన ముక్కతో సంతోషంగా ఉంటుంది. డీకిమ్‌లోని 2048 బిట్ల తాళంచెవి ఒక్క ముక్కలో పట్టదు, ఒక్కో ముక్కకు 255 బైట్లే హద్దు. కొటేషన్లలో ముక్కలు చేసి పక్కపక్కన పెట్టు. నీ స్క్రిప్టు ఆ పని చేస్తోందా? అడుగుతున్నాను, నిలదీయడం లేదు.

సీరియల్ నంబరు సంవత్సరం, నెల, తేదీ, రెండంకెల వరుస సంఖ్య పద్ధతిలోనే రాయి. 2026 అనబోయి 2062 అని కొట్టకు. పెంచడమే తప్ప తగ్గించడం దానికి తెలియదు. తగ్గించాలంటే 2147483647 కలిపి ఒక చుట్టు తిప్పి తేవాలి. ఆ విద్య తెలిసి ఉండటం మంచిదే, వాడే రోజు రాకూడదు.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎక్కించకముందే కొత్త పేరు పలుకుతోందా అని ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి అడిగి చూడకు. లేదనే జవాబును కూడా మన తరఫున వెతికి జవాబు తెచ్చే మధ్యలోని రిజాల్వర్ గుర్తుపెట్టుకుంటుంది. ఎంతసేపన్నది జోన్ ఫైలు మొదట్లో ఉండే ఎస్ఓఏ వరుసలోని చివరి సంఖ్యను బట్టి ఉంటుంది. నువ్వు ఎక్కించాక కూడా అది లేదు లేదంటుంది, నువ్వు సరిగ్గా ఉన్న ఫైలును కెలికి చెడగొడతావు. డీఎన్ఎస్ సర్వర్లను ప్రశ్నించే డిగ్ ఆదేశంలో ఎట్ గుర్తు పెట్టి నేరుగా నీ సర్వర్‌నే అడుగు. రెండో సర్వర్‌ను విడిగా అడుగు. రెండోదాన్ని విడిగా అని మళ్లీ రాస్తున్నాను.

పరీక్ష అంటే వెబ్‌సైటు తెరిచి చూడటం కాదు. పాత సర్వర్ అనుమతిస్తే ఏఎక్స్ఎఫ్ఆర్‌తో జోన్ మొత్తం దించుకో. కొత్తదాని నుంచీ దించుకో. రెండూ వరుసక్రమంలో పెట్టి డిఫ్ చెయ్యి. వచ్చిన ప్రతి తేడాకూ నీ దగ్గర కారణం ఉండాలి. "ఇదేదో చిన్నదిలే" అన్నది కారణం కాదు. చిరునామా నుంచి పేరు చెప్పే రివర్స్ జోన్‌ను మరిచిపోకు. మెయిల్ సర్వర్‌కు అందులో పీటీఆర్ వరుస లేకపోతే అవతలి వాళ్లు మన ఉత్తరాలను గుమ్మంలోనే ఆపేస్తారు.

మీ డొమైన్ గురించి లోకానికి జవాబులిచ్చే నేమ్ సర్వర్లు కూడా మారుస్తున్నారని మీ అమ్మ మాటల్ని బట్టి నాకు అనుమానం. అదే నిజమైతే పాత సర్వర్‌ను ఆ రాత్రే ఆపేయనివ్వకు. డాట్ కామ్ వాళ్లు మీ నేమ్ సర్వర్ల పేర్లను 172800 సెకన్ల టీటీఎల్‌తో ఇస్తారు. అంటే రెండు రోజులు. ఆ రెండు రోజులూ కొందరు పాత గుమ్మానికే వస్తారు. పాతదీ కొత్తదీ ఒకే జవాబు చెబుతూ ఉండాలి. అద్దె దండగ అని ఎవరైనా అంటే, ఆ ఖర్చు ఎంతో రాసిమ్మను.

ఫైలు నాకు పంపుతానని అమ్మతో అన్నావట. పంపకు. అది మీ ఆఫీసు సొత్తు, మీ లోపలి యంత్రాల పేర్లు నా ఫోనులో ఉండకూడదు. నీ పక్క సీటు వాడిని కూర్చోబెట్టుకుని చదివించు. మొన్న అమీర్‌పేటలో కోర్సు ముగించుకుని కొత్తగా చేరిన అమ్మాయి ఉందన్నావు కదా, ఆ అమ్మాయికి చూపించు. కొత్త కళ్లకు చుక్క కనపడుతుంది.

శనివారం రాత్రి రాయదుర్గం నుంచి చివరి మెట్రో కూడా వెళ్లిపోయాక, ఏదైనా తేడా వస్తే ఎవరు పలుకుతారు? మెయిల్ చూసేవాళ్లు నిద్రలో ఉంటారు. బయటి వాళ్లు సోమవారం దాకా ఫిర్యాదు చెయ్యరు. మంగళవారం పొద్దున పదింటికి చెయ్యి. తప్పు జరిగితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు అరుస్తారు, నీ చుట్టూ మనుషులుంటారు. మీ మేనేజరుకు ఇది నీ మాటగానే చెప్పు, మా పెద్దమ్మ చెప్పిందనకు, నవ్వుతాడు. ఒప్పుకోకపోతే ఏ కారణం చెప్పాడో రేపు రాత్రి ఫోను చేసి చెప్పు, దానికి జవాబు ఆలోచిద్దాం.

మీ పెద్దమ్మ